కంచు కవచపు చేప

దక్షిణ అమెరికా ఖండమున ఆండీస్ పర్వతములకు తూర్పున లెక్కకు మిక్కిలి సెలయేళ్లు ప్రవహించుచున్నవి. వర్షకాలమున అవి పొంగి పొరలును. వానలు వెనుకపట్టగానే పెక్కుచోట్ల మడుగులు మాత్రము మిగులును. అందు రాలిన ఆకులు క్రుళ్లుటచే నీటిలోని ప్రాణవాయువు క్షీణించును. అట్టి నీటిలో పెక్కు చేపలకు ఊపిరి సలుపదు. కాని సుమారు రెండున్నర అంగుళముల పొడవు గల యొక చిరుచేప అందును బ్రతుకగలదు. దానిని కంచు కోరిడోరాస్ అందురు.

ఇది మన జెల్లచేపలకు దూరపు బంధువు. అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ గిల్ 1858లో ట్రినిడాడ్ ద్వీపమున దొరకిన చేపలను బట్టి దీనిని లోకమునకు తెలిపెను. 2024లో శాస్త్రజ్ఞులు దీనిని ఆస్టియోగాస్టర్ అను ప్రజాతిలో చేర్చిరి. అయినను పెంచువారు పాతపేరుతోనే పిలుచుచున్నారు. కోరిడోరాస్ అను పేరునందు శిరస్త్రాణము, చర్మము అను అర్థములు గల రెండు గ్రీకు పదములు కలిసియున్నవి. ఆ పేరు దీనికి తగియున్నది. దీని మేనిపై పొలుసులు లేవు. ఇరుప్రక్కల రెండేసి వరుసలుగా ఎముక పలకలు ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి అమరియుండును. వీపు రెక్కకును, ప్రక్క రెక్కలకును వాడియైన ముండ్లు గలవు. వానిని నిక్కబొడుచుకొనినచో మ్రింగవచ్చిన చేప గొంతున అవి గ్రుచ్చుకొనును. నోటిచెంతనున్న మీసములతో ఇది అడుగుననున్న యిసుకను తడవి, పురుగులను ఏరి తినును.

ఇక దీని శ్వాసక్రియ మిక్కిలి వింతయైనది. మొప్పలతో నీటియందలి ప్రాణవాయువును గ్రహించుటయే గాక, ఇది అప్పుడప్పుడు బాణమువలె పైకి దూసికొని వచ్చి, ఒక గ్రుక్కెడు గాలిని మ్రింగి, వెంటనే అడుగునకు మరలును. ఆ గాలి ప్రేగులోనికి పోవును. ప్రేగు వెనుకభాగమున గోడ పలుచనై, సన్నని రక్తనాళములతో నిండియుండును. అచట ప్రాణవాయువు రక్తమున కలియును. మిగిలిన గాలి మలద్వారమున వెలువడును. మన కొర్రమట్టయు పైకి వచ్చి గాలి పీల్చును. కాని దాని గాలిగదులు తలయందే యుండును.

అయితే ఈ ఊపిరికి వెల గలదు. అడుగున నున్నంతసేపు ఇసుకరంగులో కలిసిపోవు చేప, పైకి వచ్చునపుడు శత్రువుల కంటబడును. పైన కొంగలు, నడుమ పెద్దచేపలు పొంచియుండును. అందుచే ఇవి ఒంటిగా పోక, ఒకటి కదలినంతనే తక్కినవియు దానిని వెన్నంటి పైకి లేచును. ఒక్కసారిగా పెక్కు చేపలు కదలుటచే శత్రువునకు దేనిని పట్టవలెనో తోచదు. బెదరినపుడు సైతము ఇవి ప్రక్కనున్న తోటిచేపను తాకుచు గుంపు చెదరకుండ చూచుకొనును.

నేడు ఈ చేపను పెక్కుదేశములలో గాజుతొట్లయందు పెంచుచున్నారు. కొందరు దీనిని తొట్టి శుభ్రము చేయునదిగా మాత్రమే తలచి, ఒక్కదానినే విడిచి, వేరుగా మేత వేయరు. అది తగదు. దీనికి మెత్తని యిసుకయు, తగిన ఆహారమును, నీటిపైన గాలికి చోటును, తోటిచేపలును కావలెను. ఎముకల కవచము మేనిని కాపాడును. ఊపిరికై పైకి పోవు క్షణమున కాపాడునది తోడు మాత్రమే.