తాతకు బాల్ ఎందుకు కనబడలేదు?

2024 ఆగస్టు 8, సాయంత్రం ఐదున్నర. పారిస్ ఒలింపిక్స్‌లో హాకీ కాంస్య పతకం కోసం మనకూ స్పెయిన్‌కూ మ్యాచ్. దోమలో మా ఇంట్లో, కొత్తగా కొన్న ఫుల్ హెచ్‌డీ టీవీ ముందు నేనూ తాతా కూర్చున్నాం. 18వ నిమిషంలో స్పెయిన్ పెనాల్టీ స్ట్రోక్ మీద గోల్ కొట్టింది. తర్వాత 30, 33 నిమిషాల్లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ రెండు కొట్టాడు. 2-1 తో గెలిచాం. గోల్‌కీపర్ శ్రీజేష్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఇంత జరుగుతుంటే తాత మాత్రం ఒకటే ప్రశ్న. "బాల్ యాడుందిరా?"

మూడోసారి అడిగినప్పుడు నాకు చిరాకేసింది. "నీ కండ్లే సక్కగ లేవు తాతా, మల్ల డాక్టర్‌కి చూపించుకో" అన్నాను. అంతకు ముందు ఏడాదే తాతకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన ఏం మాట్లాడలేదు. మిగతా మ్యాచ్ అంతా ఆటగాళ్లు ఎటు ఉరికితే అటు చూశాడు. గోల్ పడిందని కూడా మా అరుపులతోనే తెలుసుకున్నాడు.

ఈ సెమిస్టర్‌లో వీడియో కంప్రెషన్ గురించి ఒక వర్క్‌షాప్ విన్నాక ఆ సాయంత్రం మళ్లీ గుర్తొచ్చింది. కాగితం మీద లెక్క వేశాను. తప్పు తాత కళ్లది కాదు. (నాది ఇంగ్లీష్ మీడియం, తెలుగులో లెక్క రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ వాళ్లు దిద్దగలరు.)

హాకీ గ్రౌండ్ పొడవు 91.4 మీటర్లు. బాల్ అడ్డంగా సుమారు 7.3 సెంటీమీటర్లు, బరువు 160 గ్రాముల దగ్గర. మెయిన్ కెమెరా ఒక షాట్‌లో 50 మీటర్ల వెడల్పు చూపిస్తోంది అనుకుందాం. ఎస్‌డీ ఛానల్‌లో అడ్డంగా ఉండేవి 720 పిక్సెళ్లు. అంటే మీటరుకు 14. బాల్‌కు దక్కేది ఒకే ఒక్క పిక్సెల్! హెచ్‌డీలో 1920 పిక్సెళ్లు, మీటరుకు 38, బాల్‌కు దాదాపు మూడు. ఫుట్‌బాల్ అయితే హాకీ బాల్‌కు మూడింతలు పెద్దది, ఎస్‌డీలో కూడా ఎలాగోలా కనబడుతుంది. క్రికెట్ బాల్ సైజు హాకీ బాల్ అంతే, కానీ బౌలర్ వేసేటప్పుడు కెమెరా పిచ్ మీదికి జూమ్ అయి ఉంటుంది. హాకీలో ఆ సౌకర్యం లేదు, ఇరవై రెండు మంది ఎటు పోతే కెమెరా అటు పోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా టీవీ హెచ్‌డీ, నిజమే. కానీ సెట్‌టాప్ బాక్స్‌లో వేయించిన ప్యాక్ ఎస్‌డీది. హెచ్‌డీ ఛానళ్లకు నెలకు ఎక్కువ కట్టాలని నాయిన వద్దన్నాడు. టీవీ చేసేదల్లా వచ్చిన 720 పిక్సెళ్లను సాగదీసి 1920 చోట్ల పరచడమే. ఒక పిక్సెల్ బాల్‌ను సాగదీస్తే పెద్ద బాల్ రాదు, మసక మచ్చ వస్తుంది. టీవీ అంచున అంటించిన "ఫుల్ హెచ్‌డీ" స్టిక్కర్ చూసి నేను మోసపోయాను. తాత స్టిక్కర్ చూడలేదు, బొమ్మ చూశాడు.

దీనికి తోడు కంప్రెషన్ ఉంది. వీడియోను ఉన్నదున్నట్టు పంపరు. బొమ్మను 16 బై 16 పిక్సెళ్ల గళ్లుగా కోసి, పాత ఫ్రేమ్‌తో పోల్చి, మారినది మాత్రమే పంపుతారు. బిట్‌రేట్ తక్కువైనప్పుడు ఎన్‌కోడర్ చిన్న చిన్న తేడాలను వదిలేస్తుంది. ఒక గడిలో 256 పిక్సెళ్లు. అందులో బాల్ ఒకటి. ఎన్‌కోడర్‌కు అది హాకీ బాల్ అని ఎవరు చెప్పాలి?

హెచ్‌డీ వస్తే అన్నీ తీరిపోతాయా అంటే, పూర్తిగా కాదు. గట్టిగా కొట్టిన బాల్ గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది, అంటే సెకనుకు 27.8 మీటర్లు. మన దగ్గర మామూలు హెచ్‌డీ ప్రసారం 1080ఐ. అందులో సెకనుకు 50 సార్లు సగం సగం గీతలు వస్తాయి, ఒకసారి బేసివి, ఒకసారి సరివి. ఆ రెండు సగాల మధ్య బాల్ 56 సెంటీమీటర్లు జరిగిపోతుంది. తెర మీద 21 పిక్సెళ్లు! మూడు పిక్సెళ్ల బాల్ ఒక సగంలో ఇక్కడ, ఇంకో సగంలో అక్కడ. పాజ్ చేస్తే దువ్వెన పళ్లలా గీతలు కనబడేది ఇందుకే. నన్నడిగితే హాకీకి ఎక్కువ పిక్సెళ్ల కన్నా సెకనుకు ఎక్కువ పూర్తి ఫ్రేములే మేలు.

రంగు సంగతి నాకు బాగా నచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి నీలం టర్ఫ్ మీద పసుపు బాల్‌తో ఆడించారు. అందం కోసం అనుకున్నాను. కానీ వీడియోలో వెలుగు వివరం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే పంపుతారు. కాబట్టి చిన్న వస్తువు కనబడాలంటే వెలుగులోనే తేడా ఉండాలి. హెచ్‌డీ వాడే సూత్రంలో వెలుగుకు ఎరుపు 0.2126, ఆకుపచ్చ 0.7152, నీలం 0.0722 వంతులు ఇస్తాయి. పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిపి 0.93. నీలం 0.07. (ఇవి స్వచ్ఛమైన రంగుల లెక్కలు, టర్ఫ్ నీలం అంత ముదురుగా ఉండదు.)

తాతకు ఈ సూత్రం చెప్తే నవ్వాడు. ఆయన తాండూరులో నాపరాయి పాలిషింగు పని చేసినాయన. "నీలి బండ పరిచిన కాడ పచ్చ బండ ముక్క పడితే లైట్ లేకున్నా దొరుకుతది, గిదానికి లెక్కలెందుకురా" అన్నాడు.

తాత హాకీ పిచ్చి టీవీతో వచ్చింది కాదు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో వరల్డ్ కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 2-1. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన రెండో గోల్, బాల్ పోస్ట్ మూలకు తగిలి బయటికొచ్చిందని, గోల్ కాదని పాకిస్తాన్ వాళ్లు వాదించారు. తాత ఆ మ్యాచ్ రేడియోలో విన్నాడు. ఒక్క పిక్సెల్ కూడా లేదు. అయినా ఆ బాల్ ఎక్కడ తగిలిందో ఈ రోజుకీ తలుపు చెక్క మీద వేలు పెట్టి చూపిస్తాడు.

సెలవులకు ఇంటికెళ్లి, నా పాకెట్ మనీతో ఒక నెలకు హెచ్‌డీ స్పోర్ట్స్ ప్యాక్ వేయించాను. "తాతా, ఆ రోజు తప్పు నాది, నీ కండ్లు బాగనే ఉన్నయి" అని చెప్పాను. "నాకెరుకనే" అన్నాడు. ఏదో పాత మ్యాచ్ వస్తోంది. పది నిమిషాలు కదలకుండా చూశాడు. బాల్ కనబడుతోందా అని అడిగాను.

"కనబడుతుంది. గని వీళ్లేందిరా, బాల్ ఎవరి తాన ఉందో చెప్పకుంట వేరే ముచ్చట్లు పెడుతున్నరు?"