నొప్పి లేని గడ్డ

సంక్రాంతి వెళ్లింది. మిరప కోత మొదలైంది. తెల్లారకముందే ఆడవాళ్లు చేనుకు బయలుదేరారు. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా. తలకూ, ముక్కుకూ తువ్వాలు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ నెలల్లో ఏ దారిన చూసినా వాళ్లే కనబడతారు. పత్తి తీత ఆఖరికి వచ్చేసరికి మిరప కోత అందుకుంటుంది. ఆడమనిషికి ఊపిరాడే కాలం కాదు.

ఆ సాయంత్రం ఇద్దరు తోడికోడళ్లు చేను నుంచి ఇంటికి వచ్చారు. పెద్దకోడలికి 48 ఏళ్లు. ఆమె స్నానానికి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. చిన్నకోడలు తడిక బయట నిలబడి పిలిచింది.

"ఏందక్కా ఇంతసేపు? నీళ్లు చల్లారిపోతన్నయ్యి."

"వస్తన్నాలే."

రాత్రి అన్నాలయ్యాయి. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పెద్దకోడలు అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందే. దసరాకు శనగగింజంత ఉంది. ఇప్పుడు రేగిపండంత అయింది."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. అందుకే ఊరుకున్నా."

"బావగారికి చెప్పావా?"

"ఆ మాట ఎట్టా చెప్పేది? సిగ్గు కాదూ! అయినా కోత కానీ. ఉగాది దాటాక చూద్దాం. ఇప్పుడు పని మానుకుంటే ముఠాలో ఇంకొకళ్లను పెట్టుకుంటారు."

ఈ తోడికోడళ్లకు ఇక్కడ పేర్లు పెట్టలేదు. వాళ్లు ఏ ఊరివాళ్లయినా కావచ్చు. పెద్దకోడలు అన్న మాటలు మాత్రం చాలా ఇళ్లలో వినబడేవే.

ఆమె "నొప్పి లేదు" అంది. ఆ మాటే ప్రమాదం. కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. వెంటనే తీస్తాం. పన్ను సలిపితే నిద్ర పట్టదు. డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. రొమ్ము కేన్సర్ అలా కాదు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. జ్వరం ఉండదు. ఆకలి తగ్గదు. మనిషి చేనుకు పోయి పని చేస్తూనే ఉంటుంది. లోపల గడ్డ పెరుగుతూ ఉంటుంది. నొప్పి తెలిసేసరికి చాలాసార్లు అది ముదిరిపోతుంది.

అసలు కేన్సర్ అంటే ఏమిటి? మన ఒళ్లంతా కంటికి కనబడనంత చిన్న కణాలతో తయారైంది. పాతవి పోతాయి. కొత్తవి పుడతాయి. దానికి ఒక లెక్క ఉంటుంది. కొన్ని కణాలు ఆ లెక్క తప్పుతాయి. అదుపు లేకుండా పెరిగి గడ్డ కడతాయి. అక్కడితో ఆగకుండా చంకలోని గ్రంథులకు పాకుతాయి. తరవాత ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పోతాయి. పెద్దవాళ్లు దీన్ని రాచపుండు అనేవారు. 

రొమ్ములో గడ్డ ఉన్నంత మాత్రాన అది కేన్సరే అని కాదు. ఎక్కువ గడ్డలు మామూలువే. పాల గడ్డలు ఉంటాయి. నీటి తిత్తులు ఉంటాయి. ఏది మామూలుదో, ఏది కాదో చేత్తో తడిమి ఇంట్లో తేల్చలేం. పరీక్ష చెయ్యాల్సిందే.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు రొమ్ము కేన్సర్ కొత్తగా వచ్చిందని అంచనా. ఆ ఏడు దానివల్ల సుమారు 98,000 మంది చనిపోయారు. ఇంతమంది చనిపోవడానికి పెద్ద కారణం ఆలస్యంగా ఆసుపత్రికి రావడం.

పెద్దకోడలు సిగ్గన్నది కూడా. ఈ సిగ్గు పల్లెటూరి ఆడవాళ్లకే అనుకోరాదు. ఒకప్పుడు అమెరికాలోనూ రొమ్ము కేన్సర్ అని నలుగురిలో పలికేవారు కాదు. 1974లో ఆ దేశ అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు ఈ జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. ఆమె దాచలేదు. దేశమంతా తెలిసేలా చెప్పింది. దాంతో వేలమంది ఆడవాళ్లు పరీక్షలకు కదిలారు.

తెలుగువాళ్లలోనూ అలా చెప్పినవాళ్లున్నారు. హంసానందిని తెలుగు సినిమా నటి. 'మిర్చి' సినిమాలో పాటకు ఆడిన అమ్మాయి. 2021లో ఆమె రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఆమె తల్లి అంతకు 18 ఏళ్ల ముందు ఇదే జబ్బుతో పోయింది. అందుకే ఈమె ఊరుకోలేదు. వెంటనే పరీక్ష చేయించుకుంది. కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. కీమో మందులు ఎక్కించారు. ఆ ఏడాది డిసెంబరులో ఆమె జుట్టు లేని తలతో ఫొటో దిగి, తన సంగతి అందరికీ చెప్పింది. మరుసటి ఏడాది మళ్లీ సినిమా పనికి వెళ్లింది. నటి గౌతమి కూడా 35 ఏళ్ల వయసులో తన గడ్డను తానే కనిపెట్టింది. వైద్యం చేయించుకుని బతికింది. మిగతా ఆడవాళ్లకు ధైర్యం చెబుతూ తిరుగుతోంది.

ఉషాలక్ష్మి హైదరాబాదు డాక్టరమ్మ. ఆడవాళ్ల జబ్బులు చూసే డాక్టరు. ఆమెకే రొమ్ము కేన్సర్ వచ్చింది. కొడుకు రఘురామ్ రొమ్ము జబ్బులకు ఆపరేషన్లు చేసే డాక్టరు. 2007లో తల్లి పేరు మీద ఒక సంస్థ పెట్టాడు. 2012 నుంచి 2016 దాకా ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఆ సంస్థ తర్ఫీదు ఇప్పించింది. వాళ్లు చేత్తో తడిమి రొమ్ములో గడ్డలు కనిపెట్టడం నేర్చుకున్నారు.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందని కొందరు తీసిపారేస్తారు. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్లు 1998లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న ఆడవాళ్లను లక్షన్నర మందిని తీసుకున్నారు. వాళ్లలో సగం మందికి తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి రొమ్ములు చేత్తో చూశారు. పెద్ద మిషన్లు లేవు. ఇరవై ఏళ్ల లెక్క 2021లో బయటికి వచ్చింది. చేత్తో చూసినవాళ్లలో కేన్సర్ ముందుగా దొరికింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము కేన్సర్ చావులు నూటికి దాదాపు 30 తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో అంత తేడా రాలేదు. అయినా పేదవాడల్లో చేత్తో చేసే పరీక్షకు ఇది చిన్న ఫలితం కాదు.

ఇక తోడికోడళ్ల సంగతి.

చిన్నకోడలు ఆ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే ముఠా మేస్త్రికి కబురు పంపింది. "మేమిద్దరం రేపటికి రాం. ఎల్లుండి వస్తాం" అని. పెద్దకోడలు కోప్పడింది. "ఇద్దరి కూలీ పోగొట్టావు" అంది.

"పోతే పోయింది. పద అక్కా" అంది చిన్నకోడలు.

వాళ్ల అదృష్టం, ఆరోజు ఉపకేంద్రంలో ఏఎన్ఎం ఉంది. లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. చేత్తో చూసింది. చంక కూడా చూసింది. ఏమీ చెప్పలేదు. "డాక్టరమ్మకు చూపిద్దాం" అంది. డాక్టరమ్మ చూసి, గుంటూరు పెద్దాసుపత్రికి చీటీ రాసింది.

గుంటూరులో మూడు పరీక్షలు చేశారు. ఒకటి రొమ్ముకు తీసే ఎక్స్‌రే. దాన్ని మామోగ్రామ్ అంటారు. రెండోది స్కానింగ్. మూడోది ముక్క పరీక్ష. సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. పెద్దకోడలు సూది దగ్గర బెదిరింది. "గుచ్చితే ఒళ్లంతా పాకుతుందట గదా" అంది. అది అపోహ. ముక్క పరీక్ష చెయ్యకపోతే అది ఏ రకం జబ్బో, ఏ మందు పని చేస్తుందో తెలియదు.

పది రోజులకు చీటీ వచ్చింది. కేన్సరే. చంకలో ఒక గ్రంథికి పాకింది. అంతకు మించి పోలేదు.

ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు. "దసరాకే చెప్పొచ్చుగా." ఆమె జవాబు చెప్పలేదు. చెప్పే వీలు తనకు ఎప్పుడైనా ఉందా అని చిన్నకోడలు మాత్రం మనసులో అనుకుంది.

అత్తగారు వేరేగా ఏడ్చింది. "ఏ పాపం చేశామో" అంది. ఇందులో పాపం ఏమీ లేదు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కలో పడుకున్నా రాదు. బిడ్డకు పాలిచ్చినందుకు రాదు. పాలివ్వడం కొంత మేలే చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ వచ్చే వీలు పెరుగుతుంది. ఒళ్లు బాగా పెరిగినా, మద్యం తాగినా ఆ వీలు ఇంకా పెరుగుతుంది. తల్లికో, అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే మరింత జాగ్రత్తగా ఉండాలి. కానీ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. మగవాళ్లకు కూడా ఎప్పుడో ఒకరికి వస్తుంది.

వైద్యానికి ఏడాది దాకా పట్టింది. ముందు ఆపరేషన్. ఆమెకు రొమ్ము తీసేశారు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే వస్తే, చాలామందికి గడ్డ వరకే తీసి రొమ్మును ఉంచుతారు. తరవాత మూడు వారాలకొకసారి కీమో మందు ఎక్కించారు. వాంతులు అయ్యాయి. నోరు పూసింది. జుట్టంతా ఊడింది. మందు ఆపాక జుట్టు మళ్లీ వచ్చింది. ఆ తరవాత కరెంటు పెట్టారు. జనం కరెంటు అంటారు గానీ, అది ఒక రకం కిరణాలతో చేసే వైద్యం.

ఖర్చు మాటేమిటి? 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. కేన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు ఈ పథకం కిందికి వస్తాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల ఉంటుంది. ముందు అక్కడికి వెళ్లి కార్డు చూపించాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన కేన్సర్ విభాగం ఉంది. పెద్దకోడలికి వైద్యం కార్డు మీదే జరిగింది. తిరిగిన రోజుల కూలి మాత్రం పోయింది. తనదీ, తోడు వెళ్లిన చిన్నకోడలిదీ.

చంకలో గ్రంథులు తీసినందువల్ల ఎడమ చెయ్యి కొంచెం వాచింది. ఆసుపత్రిలో చేతికి వ్యాయామం నేర్పారు. రవికెలో ఒక పక్క పాత చీరముక్క మడిచి పెట్టుకుంటుంది. మొదట్లో అద్దంలో చూసుకునేది కాదు. ఇప్పుడు చూసుకుంటోంది.

నెలకొకసారి ఆడమనిషి తన రొమ్ములు తాను చూసుకోవడం మంచి అలవాటు. ముట్టు అయిన వారం తరవాత చూసుకోవాలి. ముట్లు ఆగినవాళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోవాలి. అద్దం ముందు నిలబడి చేతులు పైకెత్తి చూడాలి. ఒకటి కొత్తగా పెద్దదైందా? చర్మం గుంట పడిందా? బత్తాయి తొక్కలా గరుకు తేలిందా? చనుమొన లోపలికి పోయిందా? దాని నుంచి నెత్తురు గానీ, నీరు గానీ వస్తోందా? తరవాత మూడు వేళ్లు కలిపి, వేళ్ల మెత్తని భాగంతో రొమ్మంతా తడమాలి. చంక మరచిపోరాదు. మిరపకాయలు కోసి వచ్చిన చేతులతో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఆ మంట తెల్లారేదాకా వదలదు. చేతికి నూనె రాసి, మజ్జిగతో కడుక్కున్నా సరే, కోతకు పోని రోజు చూసుకోవడమే మేలు.

ఇలా చూసుకున్నా ఏఎన్ఎం పరీక్ష మానుకోరాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష చెయ్యాలని ప్రభుత్వ నియమం. అడిగి చేయించుకోవచ్చు.

మళ్లీ మిరప కాలం వచ్చింది. పెద్దకోడలు చేనుకు పోలేదు. కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. తలకు పొట్టి జుట్టు. పక్కన కూర్చున్న పడమటి ఊరి కూలిమనిషి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కాయలు ఏరింది. మధ్యాహ్నం సద్దిమూట విప్పేటప్పుడు మెల్లగా అడిగింది.

"అక్కా, నీకెట్టా తెలిసింది?"

పెద్దకోడలు చెప్పింది.

"నాకూ ఇక్కడేదో తగులుతోంది. నువ్వొకసారి చూస్తావా?"

"నేను చూస్తే ఏం తెలుస్తదే? రేపు బుధవారం. ఏఎన్ఎం ఉంటది. నాతో రా."

"మరి కూలి?"

పెద్దకోడలు నవ్వింది. చేతిలో కాయలు గంపలో వేసి, మేస్త్రిని కేకేసింది.

రాయండి

1. మీ ఊరి ఏఎన్ఎం పేరు, ఆశా కార్యకర్త పేరు: ................................

2. ఏఎన్ఎం మీ ఊళ్లో ఉండే రోజు: ................................

3. మీకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడికి పోయే బస్సు వేళ: ................................