కదిరి చెరువు అరేబియా సముద్రంలో తేలితే?

వెబ్ మ్యాప్ మీద ప్రాజెక్ట్ చేసేవాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. మన కరువు జిల్లాలోని చెరువులు, నీటి కుంటలు, బోర్ల డేటా మ్యాప్ మీద వేస్తాం. ప్రొజెక్షన్ మార్చగానే పాయింట్లన్నీ పక్కకి జరుగుతాయి. చాలామంది ఎంత జరిగిందో కొలిచి, కోడ్‌లో అంత కూడేస్తారు. అప్పటికి సరిపోయినట్టే ఉంటుంది. ఇంకో మండలం డేటా వేయగానే మళ్లీ తేడా వస్తుంది. అందుకే ముందు చూడాల్సినవి రెండే: ఎంత దూరం జరిగింది, ఏ వైపు జరిగింది. కారణం అక్కడే దొరుకుతుంది.

ముందు ఒక కొలబద్ద పెట్టుకుందాం. అనంతపురం సుమారు 14.68 ఉత్తర అక్షాంశం, 77.60 తూర్పు రేఖాంశం. ఇవి డిగ్రీలు, అంటే ఈపీఎస్‌జీ 4326. అదే ఊరు వెబ్ మెర్కేటర్‌లో (ఈపీఎస్‌జీ 3857) సుమారు 86,38,000, 16,52,000. ఇవి మీటర్లు.

1. ఉత్తర ధ్రువం దగ్గరి మంచులో పడిందా? అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. మన ఊరు స్వాల్‌బార్డ్ దీవులకి వెళ్లిపోతుంది. జియోజేసన్‌లో రేఖాంశం ముందు, లీఫ్‌లెట్‌లో అక్షాంశం ముందు.

2. ఆఫ్రికా పక్కన సముద్రంలో, సున్నా–సున్నా దగ్గర పడిందా? డిగ్రీలని మీటర్లు అనుకుంది. ఓపెన్‌లేయర్స్ మామూలుగా 3857లో నడుస్తుంది కాబట్టి ముందు ఫ్రమ్‌లాన్‌ల్యాట్‌తో మార్చాలి.

3. వందల కిలోమీటర్లు తూర్పుకో పడమరకో జరిగిందా? యూటీఎం జోన్ తప్పు. ఇది మన దగ్గర మరీ ఎక్కువ, ఎందుకంటే 78 డిగ్రీల రేఖ పాత అనంతపురం జిల్లా మీదుగానే పోతుంది. అనంతపురం 43వ జోన్, కదిరి 44వ జోన్. అవే అంకెలు ప్రతి జోన్‌లోనూ మళ్లీ వస్తాయి. కదిరి డేటాని 43 అని చదివిస్తే ఆరు డిగ్రీలు పడమరకి, అరేబియా సముద్రంలోకి పోతుంది. అనంతపురాన్ని 44 అంటే బంగాళాఖాతంలో తేలుతుంది.

4. సుమారు 10 కిలోమీటర్లు, ఉత్తరానికో దక్షిణానికో మాత్రమే జరిగిందా? వెబ్ మెర్కేటర్ భూమిని గుండ్రటి గోళంగా లెక్కేస్తుంది. మామూలు మెర్కేటర్ (3395) ధ్రువాల దగ్గర నొక్కినట్టుండే ఆకారంగా లెక్కేస్తుంది. ఆ రెండూ కలిసిపోయాయి.

5. వంద మీటర్లకి పైగా, అంతటా ఒకే వైపు జరిగిందా? డేటమ్ తేడా. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క మీద ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 మీద. ప్రోజ్4 నిర్వచనంలో డేటమ్ మార్పు విలువలు లేకపోతే, ఎర్రర్ కూడా చూపించకుండా ఆ మార్పు వదిలేస్తుంది. అన్నింట్లో ఇదే ప్రమాదం. సముద్రంలో పడితే ఎవరికైనా కనిపిస్తుంది. బోరు పాయింట్ వంద మీటర్లు జరిగి పక్కవాళ్ల చేనులో పడితే మాత్రం మ్యాప్ బాగున్నట్టే ఉంటుంది.

ఇంకో సంగతి. పాయింట్ సరైన చోటే ఉన్నా కొలత తప్పొచ్చు. 3857లో మన అక్షాంశం దగ్గర పొడవు సుమారు 3.4 శాతం, విస్తీర్ణం దాదాపు 7 శాతం ఎక్కువ వస్తాయి. ఆ లెక్కతో కుంటలో నీళ్లెన్నో చెప్తే, లేని నీళ్లు ఉన్నట్టే. అందుకే 3857ని చూపించడానికే వాడండి, కొలవడానికి సరైన యూటీఎం జోన్ వాడండి.

డేటా చేతికి రాగానే టవర్ క్లాక్ లాంటి తెలిసిన చోటు ఒకటి, 78 రేఖకి అవతల ఇంకొకటి వేసి చూడండి. రెండూ కుదిరాకే మిగతా కోడ్.