నేల నీళ్లు తాగాలంటే

వాన బాగా కురిసింది. వీధిలో నీళ్లు పారాయి. మర్నాడు పెరట్లో తవ్వి చూస్తే జానెడు లోతున మట్టి పొడిగానే ఉంది. మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయి?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 55 సెంటీమీటర్ల వానే పడుతుంది. ఒక లెక్క చూడండి. పెరట్లో మడి పొడవు 10 అడుగులు. వెడల్పు 10 అడుగులు. ఒక సెంటీమీటరు వాన పడితే ఆ మడిలో పడే నీరు సుమారు 90 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 6 బిందెలు! ఆ నీరు వీధి పాలైతే మళ్లీ 6 బిందెలు మోయాల్సింది ఎవరు? ఆడవాళ్లే కదా!

ఎర్ర నేలల్లో ఈ కష్టం ఎక్కువ. వాన చినుకులు బోడి నేలను బలంగా కొడతాయి. పైమట్టి చితికి మెత్తనవుతుంది. అది నేలలోని సన్నని సందులను మూసేస్తుంది. ఎండ తగిలితే పైన గట్టి పొర కడుతుంది. ఇక నీళ్లు లోపలికి దిగవు. పక్కకు జారిపోతాయి.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు వంగ మొక్కలు పెట్టారు. మొక్కలు వాడిపోతున్నాయి.

"రోజూ పోస్తానే ఉండాను గదత్తా! ఇంకెన్ని నీళ్లు తెచ్చేది?" అంది కోడలు.

"పోస్తే చాలదు మ్మే. నేల తాగాల గదా! ముందు నేలకు తిండి పెట్టు. తర్వాత దుప్పటి కప్పు" అంది అత్త.

తిండి అంటే ఎరువు. దుప్పటి అంటే ఎండుటాకులు. ఇలా చేయాలి:

1. మట్టి పదునుగా ఉన్నప్పుడు జానెడు లోతు తవ్వాలి. బురదలో తవ్వితే గడ్డలు కడుతుంది.

2. బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు గంపలు కలపాలి. ఎరువు తేమను పట్టి ఉంచుతుంది. వానపాములు చేరతాయి. అవి చేసే బొరియల్లో నీరు దిగుతుంది. ఎరువు ఏటా వేయాలి.

3. మడి చుట్టూ చిన్న గట్టు వేయాలి. ప్రతి మొక్కకూ పాదు చేయాలి.

4. ఎండుటాకులు, వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందం పరచాలి. మొక్క మొదలుకు తగలనీయకూడదు. పూత పట్టిన వయ్యారిభామ మాత్రం వేయొద్దు. దాని గింజలు మొలుస్తాయి.

5. ఎండిన నేల ఒక్కసారిగా తాగదు. ముందు కొంచెం చిలకరించాలి. కాసేపు ఆగి, మెల్లగా పోయాలి. ఎండ తగ్గాక పోస్తే మేలు.

చేసి చూడండి:
ఎరువు వేసి, ఆకులు కప్పిన చోట ఒక చెంబెడు నీళ్లు పోయండి. బోడి నేల మీద ఇంకో చెంబెడు పోయండి. మర్నాడు రెండు చోట్లా తవ్వి చూడండి. తడి ఎక్కడ లోతుగా ఉంది?

చెప్పండి:
1. నేల మీద గట్టి పొర ఎందుకు కడుతుంది?
2. ఆ మడిలో 2 సెంటీమీటర్ల వాన పడితే ఎన్ని బిందెల నీరు?
3. మీ పెరట్లో పడిన వాన ఎటు పోతోంది?