పాఠము: మెడ నిలువని బిడ్డ – ఆ ఇంటి బరువులో మన పాలు



కొంతకాలము క్రిందట మేము ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళితిమి. ఆ ఇంట ఆరేండ్ల బాబుకు సెరిబ్రల్ పాల్సీ. పండ్లు ఇచ్చి, ప్రార్థించి, మాకు తెలిసిన డాక్టర్ల పేర్లు నాలుగు చెప్పి లేచితిమి. అప్పటికి మధ్యాహ్నము మూడు గంటలైనది. ఆ తల్లి ఇంకను అన్నము తినలేదు. బాబును ఒడిలోనుండి అందుకొనుటకు మరియొకరు లేక ఆమె అట్లే కూర్చుండెను. మాలో ఒక్కరమైనను ఆమెను అడుగలేదు. ఆ పొరపాటు మరల జరుగకూడదని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. ఈ స్థితి ఏమిటి?

బిడ్డ గర్భములో నుండగా గాని, కాన్పులో గాని, పసితనములో గాని ఎదుగుచున్న మెదడుకు దెబ్బ తగులుట వలన, లేక మెదడు సరిగా రూపొందకపోవుట వలన సెరిబ్రల్ పాల్సీ కలుగును. ఇది అంటువ్యాధి కాదు. మెదడుకు తగిలిన ఆ దెబ్బ రానురాను పెరుగునది కాదు. ఎక్కువమంది పిల్లలలో కండరములు బిగుసుకొనును. కొద్దిమందిలో మాత్రము బిగువు చాలక ఒళ్ళు మెత్తగా వ్రేలాడును. అట్టి బిడ్డకు మెడ నిలుచుట, కూర్చుండుట ఆలస్యమగును. పాలు చప్పరించుట కష్టము. చంకల క్రింద చేతులు వేసి ఎత్తినయెడల జారిపోవును.

ఒళ్ళు మెత్తగా నున్న ప్రతి బిడ్డకును ఇదే జబ్బు అని మనమే తీర్మానించరాదు. థైరాయిడ్ లోపము, డౌన్ సిండ్రోమ్, కొన్ని నరముల, కండరముల వ్యాధులు కూడ ఇట్లే కనబడును. వీటిలో కొన్నిటికి వేరు చికిత్స కలదు. కాబట్టి "పెద్దయితే అదే సర్దుకొనును" అని కాలము గడుపక, పిల్లల డాక్టరుకు చూపించవలెను. ఒంటి బలహీనతను బట్టి బుద్ధిని కొలువరాదు. మాట రాని బిడ్డ మన మాటలన్నియు వినుచుండవచ్చును.

2. ఎవరి తప్పు?

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్నను మనము నేటికిని అడుగుచున్నాము. "కడుపుతో ఉన్నప్పుడు ఏమి తిన్నావమ్మా?" "మీ వైపు ఎవరికైనా ఉన్నదా?" అని మెల్లగా అడుగుదుము. ప్రభువు ఆ నిందను ఒప్పుకొనలేదు. మనము దానిని తెచ్చి ఆ తల్లి నెత్తిన పెట్టరాదు. ఆరాధనకు ఆమె రాకపోవుటకు బిడ్డ బరువుకంటె ఈ ప్రశ్నలే కారణము కావచ్చును.

3. చేతులతో చేయు సహాయము

సలహా చెప్పుటకు ముందు ఆ తల్లిదండ్రుల యొద్ద నేర్చుకొనవలెను.

ఎత్తుట: చేయి పట్టి లాగి లేపరాదు; వదులైన కీళ్ళకు హాని కలుగును. ఒక చేయి మెడకు, వీపుకు, మరియొక చేయి పిరుదుల క్రింద ఉంచి ఎత్తవలెను.

తినిపించుట: కాళ్ళమీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయుట మన పెద్దల అలవాటు. ఈ బిడ్డకు అది అపాయము. మాటిమాటికి పొలమారి, ఆహారము ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా రావచ్చును. నిటారుగా కూర్చుండబెట్టి, తల వెనుకకు వాలకుండ పట్టుకొని, చిన్న చెంచాతో నిదానముగా పెట్టవలెను. జావ ఎంత చిక్కగా ఉండవలెనో థెరపిస్టును అడుగవలెను.

మందులు: మూర్ఛలకు మందు వాడుచున్న బిడ్డకు, ఎవరో చెప్పిరని దానిని ఆపరాదు. నూనె మర్దన హాయినిచ్చును గాని ఫిజియోథెరపీకి బదులు కాజాలదు.

సమయము: ఇది నేర్చుకొన్న ఇద్దరు వారమునకు రెండు గంటలు బిడ్డను చూచుకొన్నయెడల, ఆ తల్లి భోజనము చేయును, నిద్రించును, లేక మిగిలిన పిల్లలతో కూర్చుండును. ఇది పండ్లకంటె మేలైన కానుక.

4. భాష, కాగితములు

మనము తరతరములుగా పరభాషా ప్రాంతములలో స్థిరపడినవారము. ఆసుపత్రిలో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ. ఇంటిలో నాయనమ్మకు తెలుగే. స్థానిక భాషలో చదువుకొన్న యౌవనస్థుడు ఒకడు వెంట వెళ్ళి, థెరపిస్టు చెప్పిన వ్యాయామములను తెలుగులో వ్రాసి ఇచ్చినయెడల ఇంటిల్లిపాదియు చేయించగలరు. రెండు భాషలు వినుట వలన బిడ్డకు హాని లేదు. ఇంట తెలుగు మానవలసిన పని లేదు.

ముంబయిలో 1972లో ఆరంభమైన స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా నేడు అడాప్ట్ అను పేరుతో నున్నది. బెంగళూరులో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక, చెన్నైలో విద్యాసాగర్, కటక్ సమీపమున ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థ కలవు. యానాము వారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర.

2016 వికలాంగుల హక్కుల చట్టములో సెరిబ్రల్ పాల్సీ చేరియున్నది. వైకల్యము 40 శాతమునకు తక్కువ కానియెడల 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తు చేయవలెను. 1999 చట్టము క్రింద ఏర్పడిన నేషనల్ ట్రస్టు "నిరామయ" అను ఆరోగ్య బీమా ఇచ్చుచున్నది. 18 ఏండ్లు నిండిన తరువాత అవసరమైనవారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించు ఏర్పాటును ఆ చట్టములోనే కలదు. "మా తరువాత వీనికి ఎవరు?" అని రాత్రులు నిద్రపోని తండ్రికి ఈ సంగతి తప్పక తెలియజేయవలెను.

చర్చించుకొనుటకు

1. మన సంఘములో ఇట్టి కుటుంబము ఆరాధనకు రావడము మానినదా? చివరిసారి ఎవరు వెళ్ళిరి? ఏమి అడిగిరి?

2. మందిరములో ఆ బిడ్డను ఆనించి కూర్చుండబెట్టుటకు తగిన కుర్చీ, చోటు ఉన్నవా?

3. స్త్రీల సమాజములోనుండి ఇద్దరు, యౌవనస్థులలోనుండి ఒకరు ఈ పనికి పేరు ఇత్తురా? ఏ దినము, ఏ గంట?

మూడవ ప్రశ్నకు జవాబు వ్రాసుకొనిన తరువాతనే కూడిక ముగించుడి.