స్వబుద్ధియు శరణాగతియు



భగవంతుడు మానవునకు బుద్ధి నొసగెను. ఆ బుద్ధినే సర్వస్వమని నమ్మి నడువవలెనా, లేక దానిని మించిన జ్ఞానమునకు లోబడి నడువవలెనా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. కోరంగి, విశాఖపట్టణము, చెన్నపట్టణము రేవులలో మన పూర్వులు ఓడ లెక్కిన నాడే ఇది వారి యెదుట నిలిచెను.

గ్రంథ పాఠము

మహాభాగవతము అష్టమ స్కంధమునందలి గజేంద్ర మోక్షణము మన యిండ్లలో పిల్లలకును తెలిసిన కథయే. గజరాజు తన బలమును నమ్ముకొని మొసలితో వేయి సంవత్సరములు పోరెను. బలము సన్నగిల్లెను. తోడి యేనుగులు విడిపింపలేకపోయెను. అప్పుడు సర్వమునకు మూలమైన వానిని శరణు వేడెను. పోతన ఇచట ఒక సూక్ష్మమును చూపెను: దేవుడు కలడో లేడో యను సంశయము సైతము ఆ మొఱలో తొంగిచూచును. అయినను మొఱ ఆగలేదు. కావున శరణాగతి సంశయ మెఱుగనివారి సొత్తు మాత్రమే యనుకొనరాదు.

గీతలో అర్జునుడు రెండవ అధ్యాయమున తనకు దారి తోచలేదని యొప్పుకొని శిష్యుడయ్యెను. పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు, చెప్పినదంతయు చక్కగా విమర్శించి నీ యిష్టము వచ్చినట్లు చేయుమనెను. దైవము మన ఆలోచనను లాగికొనడు. అంతయు నాకే తెలియునను గర్వమును మాత్రమే విడువుమనును.

కువైటు దృష్టాంతము

మన పెద్దలు చెఱకు తోటలకు పోయినట్లే, కడప, గోదావరి మండలముల నుండి వేలాది తెలుగువారు జీవనోపాధికై కువైటు చేరిరి. ఆ దేశమున 1938లో బుర్గాన్ వద్ద చమురు బయల్పడెను. 1946లో ఎగుమతి ఆరంభమయ్యెను. అచటి జీతముపై ఇంటి అప్పు, ఆడపిల్ల పెండ్లి, పిల్లల చదువు అన్నియు లెక్కగట్టుకొని పనిచేయుచుండిరి. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. అప్పుడచట సుమారు 1,70,000 మంది భారతీయు లుండిరి. బ్యాంకులోని సొమ్మును, ఉద్యోగమును, రానున్న జీతమును నమ్ముకొన్నవారికి ఒక్క దినములో ఆధారము జారిపోయెను.

వారు వేసిన లెక్క తప్పు కాదు. లెక్కకు అందనిది వచ్చిపడెను. స్వబుద్ధికి గల హద్దు ఇదియే.

అంతట వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వేలాదిమంది ఇరాకు మీదుగా ఎడారి దారిని జోర్డాను చేరి, గుడారములలో తమ వంతుకై వేచియుండిరి. అమ్మాను నుండి ఎయిరిండియా సుమారు రెండు మాసములలో 488 విమానయాత్రలు సాగించి 1,11,000 మందికి పైగా స్వదేశము చేర్చెను. ప్రాణము దక్కినను కూడబెట్టినది పోగొట్టుకొన్నవా రెందరో. కావున దైవమును నమ్మినవానికి నష్టము రాదని మనము బోధింపరాదు. నష్టము వచ్చిన నాడు మనుష్యుడు కూలిపోకుండ నిలుపునదే విశ్వాసము.

ఒక హెచ్చరిక

మన పూర్వులలో పెక్కుమంది తమకు చదువరాని ఒడంబడికపై వేలిముద్ర వేసిరి. ఐదేండ్ల గడువులో తాము పడిన పాట్లకు కొందరు “మా తలవ్రాత” అని సరిపెట్టుకొనిరి. దళారి చేసిన మోసమును దైవేచ్ఛ యనుట భక్తి యనిపించుకొనదు. దేవుని నమ్ముట వేరు, దేవుని పేరు చెప్పు వానిని నమ్ముట వేరు. నేడు గల్ఫు దేశములకు పోవు వారు ఒప్పందమును తమకు తెలిసిన భాషలో చదివించుకొని, ఏజెంటునకు ప్రభుత్వ అనుమతి కలదో లేదో విచారించి, పిమ్మట దైవమునకు మ్రొక్కి బయలుదేరవలెను. విచారించుట మన ధర్మము. ఫలము ఆయన చేతిలోనిది.

మన పూర్వులు ఆ కష్టముల నడుమనే రామభజన మానలేదు, ఉగాది విడువలేదు. మారిషసు, నేటాలు, ఫిజీ దేశములలో మనుమల మనుమలు ఆ భజన పాడుదురని వారికి తెలియదు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ వెలయునని నేటాలులో తొలినాడు దిగిన కూలివాడు ఊహించియుండడు. ఫలము కనకయే విత్తనము నాటిన వారి నమ్మకమే నేడు మనల నిచట కూర్చినది.

ఇంటిల్లిపాది ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. గజేంద్రుడు పోరాడిన పిమ్మటనే శరణు వేడెను. మన ప్రయత్నము ఎచట ముగియును, శరణాగతి ఎచట మొదలగును?

2. “దైవేచ్ఛ” యను మాటను మన సోమరితనమునకు గాని, ఇతరుల అన్యాయమునకు గాని ముసుగుగా వాడుచున్నామా?

3. మనము కన్నులార చూడలేని ఏ మేలుకొఱకు నేడు విత్తనము నాటుచున్నాము?

సర్వే జనాః సుఖినో భవంతు.