పాయింట్ల పట్టికలో కనబడని పని

ఈ పాఠం చదివే ముందు మీ బైబిలులో కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తెరిచి, 9వ అధ్యాయం దగ్గర ఒక వేలు, 12వ అధ్యాయం దగ్గర ఒక వేలు పెట్టుకోండి. వాటి దగ్గరకు వెళ్ళేలోపు ఒక బాస్కెట్‌బాల్ సంగతి చెప్పుకుందాం. మన పిల్లలకు ఇది తెలిసిందే. పెద్దలకు నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి.

అమెరికాలోని ఎన్‌బీఏ పోటీల్లో ప్రతి సంవత్సరం ఒక ఆటగాడిని "అత్యంత విలువైన ఆటగాడు" అని ఎన్నుకుంటారు. 2025 మే 21న ఆ బహుమానం షే గిల్జస్ అలెగ్జాండర్‌కు వచ్చింది. టొరంటోలో పుట్టి హామిల్టన్‌లో పెరిగిన కెనడా యువకుడు. ఆయన తల్లి 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆంటిగ్వా బార్బుడా తరఫున 400 మీటర్ల పరుగులో పాల్గొన్నారు. కెనడా వారిలో స్టీవ్ నాష్ తర్వాత ఈ బహుమానం అందుకున్న రెండోవాడు ఈయనే. ఓటు వేసిన 100 మందిలో 71 మంది ఈయన పేరునే మొదట వ్రాశారు. ఆ సీజన్‌లో ఆయన మ్యాచ్‌కు సగటున 32.7 పాయింట్లు చేశాడు. ఆయన జట్టు ఓక్లహోమా సిటీ థండర్ 82 మ్యాచ్‌లలో 68 గెలిచింది. జూన్ 22న ఫైనల్స్ ఏడో మ్యాచ్ గెలిచి చాంపియన్ కూడా అయింది.

బహుమానం అందుకున్న రోజు ఆయన ఒంటరిగా నిలబడలేదు. జట్టువాళ్ళంతా చుట్టూ ఉన్నారు. వాళ్ళకు తలా ఒక ఖరీదైన గడియారం ఇచ్చాడు. ధనవంతుడు కాబట్టి ఇచ్చాడులే అని తీసేయవచ్చు. అయితే ఎందుకు ఇచ్చాడో అర్థం కావాలంటే ఆ గుంపులో ఉన్న ఒక జర్మన్ ఆటగాడి పని చూడాలి.

అతని పేరు ఐజాయా హార్టెన్‌స్టైన్. ఐజాయా అంటే మన యెషయాయే. అమెరికాలో పుట్టాడు, చిన్నప్పుడే జర్మనీకి వచ్చి, లోయర్ సాక్సనీ రాష్ట్రంలోని క్వాకెన్‌బ్రూక్ అనే చిన్న పట్టణపు జట్టులో ఆడాడు. 2017లో ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళను ఎంచుకున్నప్పుడు అతని వంతు 43వది. ఒక జట్టు వద్దంటే ఇంకో జట్టు, అలా తిరిగి తిరిగి 2024లో థండర్‌కు చేరాడు.

ఎత్తు దాదాపు 213 సెంటీమీటర్లు. అతను చేసే పనుల్లో ఒకటి "స్క్రీన్" పెట్టడం. షే బంతి పట్టుకుని పరుగెత్తేటప్పుడు, అతన్ని వెంటాడే ప్రత్యర్థికి అడ్డంగా వెళ్ళి గోడలా నిలబడాలి. ఇక్కడ ఒక నియమం ఉంది. ఢీకొనే క్షణంలో నిలబడినవాడు కదలకూడదు, కదిలితే తప్పు అతనిదే. అంటే దెబ్బ వస్తోందని తెలిసీ అలాగే నిలబడాలి. ప్రత్యర్థి వచ్చి ఛాతీకి గుద్దుకుంటాడు. ఆ ఒక్క క్షణంలో షేకి దారి దొరుకుతుంది, బంతి బుట్టలో పడుతుంది. మ్యాచ్ అయ్యాక వార్తల్లో వచ్చే పాయింట్ల పట్టికలో ఆ రెండు పాయింట్లు షే పేరు పక్కన ఉంటాయి. దెబ్బ తిన్నవాడికి ఆ పట్టికలో గడి లేదు.

ఇప్పుడు మొదటి వేలు పెట్టిన చోటు తెరవండి. 9వ అధ్యాయం 24వ వచనం నుండి పౌలు పరుగు పందెం గురించి, బహుమానం గురించి మాట్లాడతాడు. కొరింథువారికి ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. ఆ పట్టణానికి దగ్గరలోనే రెండేళ్ళకొకసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. గెలిచినవాడి తలకు పైన్ కొమ్మలతోనో, ఎండిన సెలెరీ ఆకులతోనో అల్లిన కిరీటం పెట్టేవారు. మనం ఇక్కడ సూపర్ మార్కెట్లో చూసే ఆ సెలెరీ జాతి ఆకే! వాడిపోయే కిరీటం అని పౌలు అన్నప్పుడు వినేవాళ్ళకు నవ్వు కూడా వచ్చి ఉంటుంది.

బహుమానం వాడిపోవడం అంటే ఏమిటో జర్మనీ వారికి బాగా తెలుసు. వూర్జ్‌బుర్గ్‌లో పుట్టిన డిర్క్ నోవిట్స్కీ 2007లో ఇదే బహుమానం అందుకున్నాడు. అది పొందిన మొదటి యూరోపియన్ ఆయనే. ఆ సీజన్‌లో ఆయన జట్టు డాలస్ 67 మ్యాచ్‌లు గెలిచింది. తర్వాత నాకౌట్ మొదటి దశలోనే, ఎనిమిదో స్థానంలో వచ్చిన జట్టు చేతిలో ఓడి ఇంటికి వెళ్ళిపోయింది. ఓట్లు అంతకుముందే పడ్డాయి కాబట్టి, ఓటమి తర్వాత పిలిచి చేతిలో పెట్టారు.

అలాగని పౌలు పరుగెత్తవద్దు అనలేదు, గెలిచేటట్లు పరుగెత్తమనే అన్నాడు. కానీ ఆ సంఘపు వ్యాధి వేరు. మొదటి అధ్యాయంలోనే కనబడుతుంది. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను అని వర్గాలు. ఎవరు గొప్ప ఆటగాడు అని పిల్లలు వాదించుకుంటారు చూడండి, అదే వాదన సంఘంలో. అందుకే రెండో వేలు పెట్టిన చోట, 12వ అధ్యాయంలో, అదే పౌలు శరీరము, అవయవములు అనే మాట తెచ్చాడు. 22వ వచనం నెమ్మదిగా చదవండి. బలహీనంగా కనబడే అవయవాలను కూడా సహించాలి అని కాదు, అవి అవసరం అంటున్నాడు. 9వ అధ్యాయం ఒక్కటే చదివితే మనకు షే మాత్రమే కనబడతాడు, రెండూ కలిపి చదివితే హార్టెన్‌స్టైన్ కూడా కనబడతాడు.

మన సహవాసాల సంగతికి రండి. జర్మన్ సంఘం వారి హాలు మధ్యాహ్నం అద్దెకు తీసుకుని కూడుకునే చోట్ల, ఆరాధన అయ్యాక ఏం జరుగుతుందో మీకు తెలుసు. కుర్చీలు వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పెట్టాలి. బిర్యానీ గిన్నెలు కడగాలి. చెత్తను కాగితం, ప్లాస్టిక్, వంటింటి వ్యర్థం అని విడదీయాలి. అది సరిగ్గా చేయకపోతే మర్నాడు ఫోన్ వస్తుంది. ఈ పని ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురు చేస్తారు. సంవత్సరాంతంలో స్టేజీ మీద వాళ్ళను పొగిడి, మరుసటి వారం ఆ పనిని మళ్ళీ వాళ్ళకే వదిలేయడం గౌరవం అనిపించుకోదు.

ఇంతకన్నా లోతైన గాయం ఒకటి ఉంది. సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినవారు, పర్మనెంట్ వీసా వచ్చినవారు లేచి చెబుతారు. మనం చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. అదే సమయంలో మాస్టర్స్ ముగించి, యాభై దరఖాస్తులు పంపి, ఒక్క జవాబూ రాని తమ్ముడు వెనుక వరుసలో కూర్చుంటాడు. చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదనుకుంటాడు. రెండు వారాలు రాకపోతే బిజీగా ఉన్నాడేమో అనుకుంటాం. నిజానికి కొత్తగా దిగిన విద్యార్థులను స్టేషన్ నుండి తీసుకొచ్చిందీ, వాళ్ళకు గది దొరికేవరకు తన గదిలో చోటిచ్చిందీ అతనే కావచ్చు. ఆ విద్యార్థి తర్వాత ఉద్యోగం సంపాదించి సాక్ష్యం చెప్పినప్పుడు, ఆ రెండు పాయింట్లు ఎవరి పేరున వ్రాస్తున్నాం? తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటే, 12వ అధ్యాయం నీ గురించి కూడా వ్రాసిందే. మిగతావాళ్ళం అతనికి ఈ రాత్రే ఫోన్ చేయాలి, వచ్చే ఆదివారం దాకా ఆగకూడదు.

చివరగా రోమా పత్రిక 16వ అధ్యాయం చూడండి. ఆ పత్రిక కొరింథు నుండే వెళ్ళిందని పండితులు చాలామంది అంటారు. పౌలు పత్రిక అనే మనం పిలుస్తాం. కానీ కలం పట్టినవాడు తెర్తియు. 22వ వచనంలో ఒక్కసారి తన పేరు చెప్పి వందనాలు పంపాడు. బైబిలులో ఇంకెక్కడా అతను కనబడడు. ఆ తర్వాతి వచనంలోనే గాయియు ఉన్నాడు, సంఘమంతటికీ ఇల్లు తెరిచినవాడు. ఈ వారం ఆ అధ్యాయంలోని పేర్లన్నీ ఇంట్లో పిల్లలతో గట్టిగా చదివించండి. ఒక్కొక్కరు ఏం చేశారో పక్కన వ్రాయమనండి. తర్వాత మీ సహవాసంలో హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని, ఈ ఆదివారం తలుపులు మూసే పని మీరు చేస్తామని ఆ కుటుంబానికి చెప్పండి.